కరోనా రోజుల్లో మా కాలనీ, వెనక బస్తీ: ఎవరికి ఏం కావాలో ఎలా తెలుసుకున్నామంటే (నా అనుభవం)

మొన్న మా చెల్లెలు వాళ్ళ అపార్ట్‌మెంట్లో వరసపెట్టి డెంగ్యూ జ్వరాలు వస్తే, "అక్కా, కరోనా టైంలో మీ దగ్గర ఏదో లిస్ట్ పెట్టుకుని చేశారు కదా, అదేంటో కాస్త చెప్పు" అంది. ఫోన్లో మొదలుపెడితే ఎంతకీ ఒడవలేదు, సరే రాసి పంపిస్తానన్నా. రాస్తుంటే ఇంత అయింది.

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తాకి దగ్గర్లో పాత కాలనీ. సగం ఇళ్ళు ఈసీఐఎల్‌లోనో ఎన్‌ఎఫ్‌సీలోనో (రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలు) చేసి రిటైరైనవాళ్ళవి, పిల్లలు బెంగళూరు, డల్లాస్, మెల్‌బోర్న్ అలా ఉంటారు, ఇంట్లో ముసలాయన, ముసలావిడ, ఒక టీవీ. కాలనీ గోడ దాటితే బస్తీ, ఆటోవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఇస్త్రీ బండివాళ్ళు, టైలర్లు. ఇంకా అవతల చర్లపల్లి వైపు పోతే కంపెనీల్లో పనిచేసే ఒడిశా, బీహార్, జార్ఖండ్ కుర్రాళ్ళు ఒక్కో రేకుల గదిలో ఆరేడుగురు. నేను ఇంట్లో టెన్త్ దాకా ట్యూషన్లు చెప్తాను కాబట్టి గోడకి ఇటువైపు పిల్లలూ తెలుసు, అటువైపు పిల్లలూ తెలుసు. ఈ పని నా నెత్తిన పడటానికి అదొక్కటే కారణం, నాకేం సేవా భావం పొంగిపొర్లి కాదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే మన రాష్ట్రంలో లాక్‌డౌన్ అన్నారు, తర్వాత 25 నుంచి దేశం మొత్తం. ఆ వారంలోనే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరూ "నేను రెడీ", "నేనూ రెడీ" అని చేతులు ఎత్తే బొమ్మలు. బియ్యం బస్తాలు వచ్చాయి, నూనె ప్యాకెట్లు వచ్చాయి, అసోసియేషన్ ప్రెసిడెంట్ గారి సెల్లార్ నిండిపోయింది. పంచుదామని గేటు తెరిస్తే ఎవరొచ్చారు? ఎప్పుడూ ముందుండే నలుగురు వచ్చారు, వాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చారు. అసలు అవసరం ఉన్నవాళ్ళు ఒక్కరూ గేటు దగ్గరికి రాలేదు. ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు, అడిగేవాళ్ళే లేరు.

అప్పుడు మేం కొంతమంది కూర్చుని (కూర్చోవడం అంటే ఎవరి బాల్కనీలో వాళ్ళం, ఫోన్ స్పీకర్‌లో) గల్లీకొకరు అని పంచుకున్నాం. మొదట గ్రూపులో వచ్చిన ఐడియా ఏంటంటే ఒకళ్ళు మందులు, ఒకళ్ళు కూరగాయలు, ఒకళ్ళు డబ్బులు చూసుకోవాలని, ఆఫీసులో డిపార్ట్‌మెంట్లలాగా. నేను వద్దన్నా. ఎందుకంటే డెబ్బై అయిదేళ్ళ ఆవిడకి మందులకో నంబరు, పాలకో నంబరు ఇస్తే ఆవిడ రెండూ చెయ్యదు, చీటీ ఫ్రిజ్ మీద పెట్టి ఊరుకుంటుంది. అదే "మీ గల్లీకి పలానా మూడో ఇంటి అమ్మాయి, ఏది కావాలన్నా ఆ పిల్లకే చెప్పండి" అంటే మొహం తెలుసు కాబట్టి చెప్తుంది. గల్లీ మనిషి రోజూ ఒకసారి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు చేసేదాకా ఆగకూడదు, అదీ రూలు.

నోట్‌బుక్ నా దగ్గర ఉండేది, క్లాస్‌మేట్ లాంగ్ బుక్. ఇంటి నంబరు, పేరు, వయసు, ఏం జబ్బు, ఏ మందు ఎన్ని రోజులకి ఉంది, పిల్లల ఫోను, పక్కింటి ఫోను, ఇంకా అన్నిటికంటే పనికొచ్చిన కాలమ్ ఒకటి, ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది. ఒంటరిగా ఉండే మనిషి లోపల పడిపోతే తలుపు పగలగొట్టాలా వద్దా అని బయట నిలబడి వాదించుకునే పరిస్థితి రాకూడదని. రెండు మూడు ఇళ్ళల్లో అసలు రెండో చెవే లేదు, కొడుకు దగ్గర డల్లాస్‌లో ఉందట!

లిస్టులోకి ఎవరు రావాలి అన్నది మాకు పెద్దగా తెలీదు, తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. పాలబ్బాయికి తెలుసు, ఎవరింట్లో లీటరు కాస్తా అరలీటరు అయిందో. గ్యాస్ బండి అతనికి తెలుసు. వాచ్‌మన్ భార్యకి అన్నీ తెలుసు. మెడికల్ షాపాయనని అడిగితే "ఎవరు ఏ మందు వాడతారో నేను బయటికి చెప్పకూడదు టీచరమ్మా" అన్నాడు, నిజమే కదా అనుకున్నా. అయితే ఆయనే "ప్రతి నెలా షుగర్, బీపీ, గుండె గోళీలు తీసుకుని ఈ నెల రానివాళ్ళకి నేనే ఫోన్ చేస్తా, వాళ్ళు సరే అంటే మీ నంబరిస్తా" అన్నాడు. మా అందరి ప్లానుల కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది.

ఇక ఎలా అడగాలన్నది ఇంకో విద్య. "మీకేమైనా కావాలా?" అంటే వందలో తొంభై మంది "ఏం వద్దమ్మా, మంచిగనే ఉన్నం" అంటారు. అది అబద్ధం కూడా కాదు, అలవాటు. అందుకని "ఇవాళ ఏం వండారు అత్తమ్మా?" అని అడగమని గల్లీవాళ్ళకి చెప్పా. పొద్దున పచ్చిపులుసు, రాత్రి పచ్చిపులుసు, రేపు కూడా అదే అంటే అర్థం చేసుకోవడమే. పెద్దాయనలకైతే "అంకుల్, బీపీ గోళీల స్ట్రిప్ చేతిలోకి తీసుకుని ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి". లేకపోతే "చాలా ఉన్నాయమ్మా" అంటారు, చాలా అంటే మూడు.

మా బస్తీలో ఒక టైలర్ అక్క ఉంది, బ్లౌజులు కుడుతుంది, ఇద్దరు పిల్లలు, భర్త లేడు. ఆవిడ బియ్యం తీసుకోనంది, "ఇంకా లేనోళ్ళకియ్యండి మేడం" అని. వాళ్ళ పాప నా దగ్గర ఏడో తరగతి ట్యూషన్, దాన్ని మెల్లగా కదిపితే ఇంట్లో మిషన్ పక్కన కుట్టిన బ్లౌజులు కుప్ప పడి ఉన్నాయని, పెళ్ళిళ్ళు ఆగిపోయి ఎవరూ తీసుకెళ్ళలేదని, డబ్బులూ ఇవ్వలేదని చెప్పింది. ఆ బ్లౌజులు ఎవరివి? మా కాలనీ ఆడవాళ్ళవే! గ్రూపులో అయ్యో పాపం అని బియ్యానికి డబ్బులేసినవాళ్ళవే. అక్క నోటు పుస్తకంలో పేర్లు, కొలతలు, బాకీ అన్నీ రాసి పెట్టుకుంది, ఆవిడ్ని అడిగి ఆ లిస్టు తీసుకుని ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టా. రెండు రోజుల్లో దాదాపు అందరూ కట్టారు. బియ్యం వద్దన్న మనిషి ఆ డబ్బు మాత్రం లెక్కపెట్టుకుని తీసుకుంది, రసీదు కూడా రాసిచ్చింది.

దాంతో మా పద్ధతే మారిపోయింది. దానం తర్వాత, ముందు బాకీలు అన్నాం. పనిమనిషికి మార్చి జీతం పూర్తిగా ఇచ్చారా, ఏప్రిల్‌ది ఇస్తారా, ఇస్త్రీ అతనికి పాత బాకీ ఎంత, స్కూల్ ఆటోకి నెల డబ్బులు ఆపేశారా. దీనికి గొడవలు కాలేదని చెప్పను. "పని చెయ్యకుండా జీతమేంటి" అన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఒకాయన తనకి వర్క్ ఫ్రం హోమ్‌లో జీతం తగ్గించారని ఏడ్చినవాడే. కొంతమంది ఇచ్చారు, కొంతమంది సగం ఇచ్చారు, ఒకరిద్దరు గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యారు, అవ్వనీ.

ప్రభుత్వం వైపు నుంచి రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం ఫ్రీ, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చారు. బియ్యం బాగానే అందాయి, డబ్బులు అకౌంట్లో పడ్డాయి, అకౌంట్ లేనివాళ్ళకి పోస్టాఫీసులో. అయితే తియ్యకపోతే ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుందని ఎవరో పుకారు లేపారు, ఎండలో ముసలమ్మలు బ్యాంకు ముందు లైను. మా పని ఏమైందంటే ఒక పిల్లాడిని బ్యాంకు దగ్గర కూర్చోబెట్టి "అవ్వా, డబ్బులు యాడికి పోవు, వచ్చే వారం రా" అని చెప్పించడం. కొందరు విన్నారు, కొందరు "నువ్వెవడివిరా" అన్నారు.

చర్లపల్లి కుర్రాళ్ళ దగ్గరికి మొదటిసారి బియ్యం పట్టుకెళ్ళినప్పుడు వాళ్ళు అడిగింది ఫోన్ రీఛార్జ్. ప్రభుత్వం వలస కూలీలకి కూడా మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ఇస్తోంది, తిండి గింజలు ఎలాగో అందుతున్నాయి, ఇంట్లో అమ్మకి ఫోన్ చెయ్యడానికి బాలెన్స్ లేదు. తర్వాత అడిగినవి ఉల్లిగడ్డలు, ఆవనూనె, చిన్న సిలిండర్‌లోకి గ్యాస్. మా గ్రూపులో ఒకాయన "తిండికి లేనోడికి రీఛార్జా" అన్నాడు. నేను ఆయనతో వాదించలేదు, రీఛార్జ్‌కి వేరేగా డబ్బులు అడిగితే డల్లాస్, మెల్‌బోర్న్ పిల్లలు వేశారు, వాళ్ళకి ఆ బాధ తెలుసు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్ హటియాకి మొదటి శ్రామిక్ రైలు వెళ్ళిందని టీవీలో రాగానే ఆ గదుల్లో ఎవరూ కుదురుగా లేరు. పోలీస్ స్టేషన్‌లో పేరు రాయించుకోవాలి, ఊరు, ఠాణా, జిల్లా, ఆధార్ నంబరు అన్నీ కావాలి. మా టెన్త్ పిల్లలు కూర్చుని హిందీలో అడిగి అందరి వివరాలూ పేపర్ మీద నీటుగా రాసిచ్చారు. కొందరికి వారంలో పిలుపొచ్చింది, కొందరు ఆగలేక నడిచి వెళ్ళిపోయారు.

మందులతో అన్నిటికంటే తలనొప్పి. ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదని రూలు కదా అప్పుడు, ఒకరి క్యాన్సర్ మందేమో కోఠిలో దొరుకుతుంది. డాక్టర్ చీటీ, పాత బిల్లు రెండూ జేబులో పెట్టుకుని వెళ్తే పోలీసులు చాలావరకు వదిలేసేవాళ్ళు, ఒక్కోసారి వెనక్కి పంపేవాళ్ళు. ఇన్సులిన్ తెచ్చేటప్పుడు స్టీల్ టిఫిన్ డబ్బాలో ఐస్ ముక్కలు కవర్లో కట్టి, దాని మీద గుడ్డ వేసి, ఆ పైన ఇన్సులిన్. ఐస్‌కి నేరుగా తగిలితే గడ్డకట్టి పాడైపోతుంది. డయాలసిస్ అంకుల్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బస్తీ ఆటో అన్న ఒకాయన వచ్చాడు, పాస్ మేం తీయించాం, ఆటో ఖర్చు అంకుల్ కొడుకు పంపేవాడు. వెనక్కి తీసుకురావడం కూడా అతనే. డయాలసిస్ అయ్యాక మనిషి నీరసంగా ఉంటాడు కదా, చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపేవాడు, ముట్టుకోకూడదని అందరూ భయపడుతున్న రోజుల్లో.

ఇంకోటి చెప్పాలి, ఫిల్టర్ కాఫీ పొడి గొడవ. ఒక రిటైర్డ్ అంకుల్‌కి పలానా షాపు పొడి, అందులో చికోరీ ఇంతే ఉండాలి, అది తెప్పించమని అడిగారు. ఇది అత్యవసరమా అని గ్రూపులో చర్చ. నా లెక్కలో అత్యవసరమే. భార్య పోయి ఏడాది, మనవళ్ళు రారు, గుడి మూసేశారు, పార్కు మూసేశారు, ఆ మనిషికి పొద్దున ఆ ఒక్క గ్లాసు మిగిలింది. తెచ్చిచ్చాం.

డబ్బుల లెక్క రోజూ సాయంత్రం ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళం, మనుషుల ఫోటోలు మాత్రం తియ్యకూడదు. దీని మీద మా ఏరియాలో ఒక లీడర్‌గారు అలిగారు, బస్తాలు ఇస్తాం కానీ పంచేటప్పుడు ఫోటో కావాలని. చివరికి సెల్లార్‌లో బస్తాల పక్కన ఆయన్నొక్కడినే నిలబెట్టి ఫోటో తీశాం. ఆయన హ్యాపీ, మేం హ్యాపీ.

2021 వచ్చేసరికి ఇదంతా ఒక ఆటలా అనిపించింది. ఏప్రిల్, మే నెలల్లో బియ్యం ఎవరికి కావాలి, అందరికీ కావాల్సింది ఊపిరి. ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే బయటికి. ఆశా వర్కర్లు ఇంటింటికీ జ్వరం సర్వేకి వచ్చి, జ్వరం ఉన్నవాళ్ళకి మందుల కిట్ అక్కడికక్కడే ఇచ్చేవాళ్ళు. పాపం వాళ్ళకి మా నోట్‌బుక్ చాలా ఉపయోగపడింది, ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి షుగర్ అన్నీ అందులో ఉన్నాయి. మేం గల్లీకొకటి చొప్పున ఆక్సీమీటర్లు (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపేవి) కొన్నాం. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళేటప్పుడు స్పిరిట్‌తో తుడిచి జిప్ కవర్లో పెట్టి గేటుకి తగిలించడం. 94 కంటే తగ్గితే వెంటనే ఫోన్. రీడింగ్ బానే ఉన్నా ఆరు నిమిషాలు గదిలోనే నడిచి మళ్ళీ చూడాలి, నడిచాక రీడింగ్ పడిపోతే అది ప్రమాదం, ఇది మా డాక్టర్ గారు నేర్పారు.

ఒకావిడ 88 అని ఏడుస్తూ ఫోన్ చేసింది. వీడియో కాల్ చేస్తే మనిషి గట్టిగానే మాట్లాడుతోంది, చేతులు చూస్తే తడి, అప్పుడే గిన్నెలు కడిగి వచ్చింది, పైగా గోళ్ళకి గోరింటాకు. చేతులు తుడుచుకుని బాగా రుద్దుకుని, కాసేపు కూర్చుని ఇంకో వేలికి పెట్టమంటే 96. అదే వారం మా ఆటో అన్న. "నాకేం కాలే టీచరమ్మా, జరంత దగ్గు" అని నవ్వుతూ మాట్లాడుతున్నాడు, ఆక్సీమీటర్ పెడితే 86. వేలు మార్చాం, మీటర్ మార్చాం, అదే 86. మనిషికి ఆయాసమే తెలీట్లేదు. బోర్లా పడుకోబెట్టి బెడ్ కోసం ఫోన్లు మొదలుపెట్టాం, దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. పన్నెండు రోజులు ఉన్నాడు. పోయాడు.

వాట్సాప్‌లో ఆ రోజుల్లో ఆక్సిజన్ నంబర్లు, ఇంజెక్షన్ నంబర్లు వరదలా వచ్చేవి, పదిలో తొమ్మిది స్విచాఫ్, మిగిలిన ఒకటి అడ్వాన్స్ వెయ్యమనే దొంగ. ఇంటర్ పిల్లలు ఇద్దరిని పెట్టాం, నంబరు రాగానే ఫోన్ చేసి చూసి, ఎన్నింటికి చేశారో టైం రాసి, అప్పుడే గ్రూపులో పెట్టాలి, టైం లేని నంబరు ఎవరు పెట్టినా డిలీట్. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్) ఒకటి విరాళంగా వచ్చింది, నిమిషానికి అయిదు లీటర్లు ఇచ్చేది. దాని గురించి ముందే తేల్చుకున్నాం, ఎవరికి ఇవ్వాలో మేం నిర్ణయించం, డాక్టర్ చీటీ మీద రాయాలి, ఇద్దరికి ఒకేసారి కావాల్సి వస్తే డాక్టరే చెప్పాలి. ఇది రాసి పెట్టుకోకపోతే మా మధ్య జన్మలో మాటలుండేవి కావు. అది కరెంటు మీద నడుస్తుంది, కరెంటు పోతే ఆగిపోతుంది, కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ఇల్లా కాదా అన్నది కూడా నోట్‌బుక్‌లో కొత్త కాలమ్.

వండి పంపడం ఆడవాళ్ళే చూసుకున్నారు, మగవాళ్ళు గేటు దాకా మోశారు, అదీ నిజం. నోటికి రుచి పోయినవాళ్ళకి చారు, నిమ్మకాయ పచ్చడి కావాలి, స్టెరాయిడ్ వాడేవాళ్ళకి షుగర్ ఆకాశానికి ఎక్కుతుంది కాబట్టి పళ్ళ రసాలు వద్దు అని చెప్పాలి, చెప్పినా దానిమ్మ జ్యూస్ పంపే ప్రేమగల పిన్నిగారు ఉంటుంది. ఆ రోజుల్లోనే కృష్ణపట్నం మందు (ఆనందయ్య గారి నాటు మందు) కావాలని మారాం చేసిన పెద్దలు కూడా ఉన్నారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేక మా డాక్టర్ గారికే వదిలేశా. వ్యాక్సిన్ స్లాట్లు బుక్ చెయ్యడం పిల్లల పని. కోవిన్‌లో ఒక ఫోన్ నంబరుకి నలుగురే, బస్తీలో ఒక్కో స్మార్ట్‌ఫోన్‌కి పది మంది. మేం మా నంబర్లన్నీ వాడేశాం. మే 13న కోవిషీల్డ్ రెండో డోసుకి 12 నుంచి 16 వారాలు ఆగాలన్నారు, అప్పటిదాకా ఎనిమిదో వారం అని రాసుకున్నదంతా కొట్టేసి మళ్ళీ రాసుకున్నాం.

తగ్గాక గ్రూపు నిశ్శబ్దమైపోయింది, అందరూ అలిసిపోయారు. కానీ ఆటో అన్న భార్య పని మిగిలింది. ఆ అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఓకే అన్నాక కోవిడ్‌తో పోయినవాళ్ళ కుటుంబానికి 50 వేలు అని వచ్చింది, మన దగ్గర మీసేవలో అప్లై చెయ్యాల్సి వచ్చింది. ఆవిడ దగ్గర ఉన్న డెత్ సర్టిఫికెట్‌లో కరోనా అన్న మాటే లేదు. టెస్ట్ రిపోర్ట్ అతని ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చింది, ఆ ఫోన్ లాక్, ఎవరికీ నంబరు తెలీదు. మా టెన్త్ పిల్లాడే సిమ్ తీసి వేరే ఫోన్లో వేశాడు, పాత మెసేజ్ రాలేదు. టెస్ట్ చేసినచోట రిజిస్టర్‌లో తేదీ, నంబరు పట్టుకుని రిపోర్ట్ మళ్ళీ తీయించాం. పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు పోతే కోవిడ్ మరణం కిందే లెక్క అని ఉంది కాబట్టి ఆ రిపోర్ట్, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ అన్నీ జిరాక్స్ చేయించి వేశాం. జిల్లాలో ఒక కమిటీ చూసి ఒప్పుకోవాలి. మీసేవ కౌంటర్‌లో అమ్మాయి మొదట్లో "సర్టిఫికెట్‌లో లేదు కదా" అని తిప్పి పంపింది, రూలు ప్రింట్ తీసి చూపిస్తే తీసుకుంది.

డబ్బులు పడ్డాయి. ఆటో ఫైనాన్స్ కిస్తీలు కొన్ని తీర్చింది, మిగిలింది పెద్దోడి ఇంటర్ ఫీజు. ఆటో ఇప్పుడు వాళ్ళ తమ్ముడు నడుపుతున్నాడు, డయాలసిస్ అంకుల్‌ని ఇప్పటికీ అతనే తీసుకెళ్తున్నాడు, ఛార్జీ మాత్రం పెంచాడు.